చక్రం జారుతుంటే బాక్సు కొనాలా?

బండి సంగతులు: పాఠకుల ప్రశ్నలకు ఆటోనగర్ నుంచి జవాబులు

ప్రశ్న: అన్నగారూ, మాది పటమట. సెకండ్ హ్యాండ్‌లో ఫియట్ అబార్త్ పుంటో కొన్నాను. నాకంటే ముందు ఓనర్ ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) రీమ్యాప్ చేయించాడు, అంటే పవర్ పెరిగేలా అందులో ప్రోగ్రామ్ మార్పించాడు. బండి బాగా లాగుతుంది. కానీ వాన పడితే సెకండ్ గేర్‌లో కూడా ముందు చక్రాలు గిర్రున తిరుగుతున్నాయి, స్టీరింగ్ చేతిలోంచి లాక్కుపోతోంది. చక్రం జారితే ఇంజిన్ పవర్ తగ్గించే ట్రాక్షన్ కంట్రోల్ ఈ బండికి కంపెనీ నుంచి రాలేదు. బయట దొరికే కిట్ (చిన్న బాక్సు) బిగిస్తానని ఒకాయన లక్షా పాతిక వేలు చెప్పాడు. పెట్టించమంటారా? ఇంట్లో ఇంకా చెప్పలేదు, టెన్షన్‌గా ఉంది.
(పేరు వద్దన్న పాఠకుడు, విజయవాడ)

జవాబు: తమ్ముడూ, ఇప్పుడు పెట్టించకండి. అడ్వాన్సు ఇచ్చి ఉండకపోతే ఆగిపోండి. మీ బండికి ముందు చేయాల్సిన పనులు వేరే ఉన్నాయి. అవన్నీ కలిపినా ఆ డబ్బులో సగం దాటదు. ఎందుకు వద్దంటున్నానో కాస్త వివరంగానే చెప్తాను. లేకపోతే రేపు ఇంకొకరు ఇదే కిట్‌ను వేరే పేరుతో మీకు అంటగడతారు.

ముందు మీ బండి లెక్క చూద్దాం. రీమ్యాప్ లేకుండానే ఆ 1.4 టీ-జెట్ ఇంజిన్ 145 హార్స్‌పవర్, 212 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) ఇస్తుంది. ఇలాంటి కార్లలో ఆ టార్క్ గేర్‌బాక్స్, రెండు చక్రాలకూ బలం పంచే డిఫరెన్షియల్ దాటి చక్రానికి చేరేసరికి మొదటి గేర్‌లో సుమారు పన్నెండు రెట్లు, రెండో గేర్‌లో ఏడెనిమిది రెట్లు అవుతుంది. చక్రం మధ్య నుంచి రోడ్డుకు 30 సెంటీమీటర్లు అనుకోండి. అప్పుడు చక్రాలు రోడ్డును వెనక్కి తోసే బలం మొదటి గేర్‌లో 850 కిలోల దాకా, రెండో గేర్‌లో 540 కిలోల దాకా వస్తుంది. ఇప్పుడు రోడ్డు ఎంత తట్టుకుంటుందో చూడాలి. లెక్క సులువు కోసం ముందు చక్రాల మీద 750 కిలోల బరువు ఉందనుకుందాం. పొడి తారు రోడ్డు మీద మంచి టైరు ఆ బరువులో 80 శాతం దాకా పట్టు ఇస్తుంది, అంటే 600 కిలోలు. అదే తడి రోడ్డు, అరిగిన టైరు అయితే సగానికి సగం పోయి 300 దగ్గర ఆగుతుంది. మీ ఉత్తరంలో ఉన్నది అచ్చంగా ఇదే. రెండో గేర్ 540 అడుగుతోంది, రోడ్డు 300 ఇస్తోంది, మిగతాది చక్రం ఊరికే తిరగడానికి పోతోంది. మీది రీమ్యాప్ అయిన బండి కాబట్టి ఆ 540 ఇంకా పెరిగే ఉంటుంది.

ఎంత ఖరీదైన ట్రాక్షన్ కంట్రోల్ అయినా చేసేది ఆ 540ని తగ్గించడం. 300ని పెంచే శక్తి దానికి లేదు. పూర్తిగా గిర్రున తిరిగే టైరుకు పట్టు ఇంకా పడిపోతుంది కాబట్టి, జారుడును పది పదిహేను శాతం దగ్గర ఆపగలిగితే కొంచెం లాభం ఉంటుంది, ఆ మాట నిజమే. కానీ పట్టు పెంచేది టైరు. ఆ పెరిగిన పట్టు బ్రేక్ తొక్కినప్పుడు పనికొస్తుంది, మలుపు తిరిగేటప్పుడు పనికొస్తుంది. మీరు కొనాలనుకుంటున్న బాక్సుకు బ్రేక్ తొక్కినప్పుడు పనే లేదు. ఆక్సిలరేటర్ మీద కాలు ఉన్నంతసేపే దాని ఉద్యోగం.

మన ఊళ్లో ఇది మరీ ముఖ్యం. మే నెలంతా తారు మీద టైరు పొడి, డీజిల్ చుక్కలు, దుమ్ము పేరుకుని ఉంటాయి. జూన్‌లో మొదటి వాన పడగానే అవన్నీ కలిసి పైకి తేలతాయి. ఆ మొదటి అరగంటలో ఆటోనగర్ వంద అడుగుల రోడ్డు మీద నడవడానికే జాగ్రత్త పడాలి. కృష్ణలోంచి వచ్చే ఇసుక లారీలు నీళ్లూ ఇసుకా కార్చుకుంటూ పోతాయి. బందరు కాలువ, ఏలూరు కాలువ పక్క రోడ్లలో దమ్ము చేసిన ట్రాక్టర్లు పొలంలోంచి నల్లరేగడి మట్టిని తారు మీదకు తెస్తాయి. కోతలప్పుడు ధాన్యం రోడ్డు మీదే ఆరబోస్తారు. ఫ్లైఓవర్ల మీద ఎక్స్‌పాన్షన్ జాయింట్ల ఇనుప పట్టీలు, రోడ్డు మీద తెల్ల పెయింటు గీతలు తడిస్తే ఎలా ఉంటాయో మీకు చెప్పక్కర్లేదు. వీటి మీద వెళ్లేటప్పుడు ఆక్సిలరేటర్ కంటే బ్రేక్‌తోనే ఎక్కువ అవసరం పడుతుంది.

అందుకని ఈ ఆదివారం మీ టైర్ల పక్క గోడ మీద డీఓటీ అక్షరాల వరస చివర నాలుగంకెల సంఖ్య చూడండి. 2318 అని ఉంటే 2018లో 23వ వారం తయారైందని అర్థం. ఆ బండి ఎక్కువ తిరగకుండా షెడ్డులో ఉండి ఉంటే టైరు చూడ్డానికి కొత్తగానే కనపడుతుంది. కానీ మన ఎండలకు ఆ రబ్బరు గట్టిపడిపోయి ఉంటుంది, గోరుతో నొక్కితే దిగదు. అలాంటి టైరు తడి రోడ్డు మీద చాలా ప్రమాదం. గాడుల లోతు కూడా చూడండి. గాడి అడుగున చిన్న దిమ్మలుంటాయి, టైరు అక్కడిదాకా అరిగితే లోతు 1.6 మిల్లీమీటర్లే మిగిలినట్టు, చట్టం ప్రకారం ఆ టైరు పని అయిపోయింది. వానాకాలానికి నేనైతే 3 మిల్లీమీటర్ల దగ్గరే మార్చమంటాను. ఆ తర్వాత గాడులు నీళ్లను బయటికి నెట్టలేవు. తడి రోడ్డు పట్టుకు పేరున్న కంపెనీ మంచి టైర్లు నాలుగూ ఒకే రకం వేయండి. ముందు రెండే మార్చి వెనక పాతవి ఉంచొద్దు, వానలో మలుపులో వెనక భాగం విసిరేస్తుంది.

తర్వాత ఇంజిన్ కింద ఉండే టార్క్ మౌంటింగ్, లోయర్ ఆర్మ్ బుష్‌లు చూపించండి. టర్బో బండ్లలో ఇవి తొందరగా పోతాయి. పోతే ఇంజిన్ ముందుకూ వెనక్కీ ఊగుతుంది, చక్రం రోడ్డు మీద టకటకా ఎగురుతూ తిరుగుతుంది. స్టీరింగ్ లాక్కుపోతోందన్నారు కదా, అందులో కొంత వాటా వీటిదీ, తప్పిపోయిన అలైన్‌మెంట్‌దీ అయి ఉంటుంది. బండి చూడకుండా అంతకంటే చెప్పను.

మూడో పని రీమ్యాప్ చేసినవాళ్ల దగ్గరికి వెళ్లడం. కొన్ని ఈసీయూలలో మొదటి రెండు గేర్లకు టార్క్ తగ్గించి, మూడో గేర్ నుంచి పూర్తిగా ఇచ్చేలా మ్యాప్ రాయొచ్చు. మీ బండిలో కుదురుతుందేమో వాళ్లనే అడగండి. కుదరకపోతే కింది ఆర్‌పీఎంలో బూస్ట్ (టర్బో గాలి ఒత్తిడి) ఒక్కసారిగా ఎగబడకుండా మెల్లగా ఎక్కేలా చేయమనండి. మీ సమస్యకు ఇది లక్షా పాతిక వేల బాక్సు కంటే దగ్గర మందు. బండి స్టార్టింగ్‌లో కిక్ తగ్గిందని మొదట్లో అనిపిస్తుంది, కానీ రోడ్డు మోయలేని కిక్ ఉండి ప్రయోజనం ఏముంది?

ఇక ఆ బాక్సు సంగతి. అసలైన కిట్లు ఉన్నాయి, అన్నీ మోసమని అనను. ఇంగ్లండ్‌కు చెందిన రేస్‌లాజిక్ లాంటివాళ్లు తయారుచేసినవి ఏబీఎస్ (బ్రేక్ తొక్కినప్పుడు చక్రాలు పట్టేయకుండా చూసే ఏర్పాటు) సెన్సార్ల నుంచి నాలుగు చక్రాల వేగం తీసుకుంటాయి. లాగే చక్రాలు మిగతా వాటికంటే ఎక్కువ తిరుగుతుంటే ఇంజెక్టర్లను ఒక్కొక్కటిగా క్షణకాలం కట్ చేస్తాయి. పద్ధతి చక్కటిదే. మరికొన్ని కిట్లు స్పార్క్ కట్ చేస్తాయి. రోడ్డు మీద తిరిగే బండికి అది మంచిది కాదు. కాలని పెట్రోలు సైలెన్సర్ లైనులోని క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి అక్కడ మండుతుంది, ఆ వేడికి లోపలి జాలీ కరిగిపోతుంది. పెట్రోలును నేరుగా సిలిండర్‌లోకి కొట్టే కొత్త తరం ఇంజిన్లలో ఇంజెక్టర్లు సుమారు 65 వోల్టులతో నడుస్తాయి, వాటి మధ్యలో ఇలాంటి బాక్సు దూర్చడం అంత తేలిక కాదు. కంపెనీ ట్రాక్షన్ కంట్రోల్‌కు ఉన్న ఇంకో బలం వీటికి ఉండదు. అది ఇంజిన్ పవర్ తగ్గించడంతో పాటు, తిరుగుతున్న ఒక్క చక్రానికే బ్రేక్ వేసి రెండో చక్రానికి బలం పంపగలదు. బయటి బాక్సుకు బ్రేకుల మీద పెత్తనం లేదు.

మార్కెట్లో ఎక్కువగా తిరిగేవి మాత్రం ఇవి కూడా కాదు. ఆక్సిలరేటర్ పెడల్ సిగ్నల్‌ను మార్చే చిన్న పెట్టెలు, స్కానర్ పెట్టే సాకెట్‌లో గుచ్చే ప్లగ్గులు. పెడల్ దగ్గర వైరు మార్చే పెట్టెకు చక్రం జారుతోందని ఎలా తెలుస్తుంది? తెలియదు. పెడల్‌ను మందంగా చేసి, ట్రాక్షన్ కంట్రోల్ అని అమ్ముతారు. మీకు ధర చెప్పిన ఆయన్ను మూడే ప్రశ్నలు అడగండి: చక్రాల వేగం ఎక్కడి నుంచి తీసుకుంటుంది, పవర్ దేనితో తగ్గిస్తుంది, బాక్సు చెడిపోతే బండి ఏ స్థితిలో ఉంటుంది. మూడో దానికి తడుముకున్నాడంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

ఈ మూడో ప్రశ్న నాకు చాలా ముఖ్యం. వేరేచోట బాక్సు బిగించిన ఒక కారు వానాకాలంలో నా దగ్గరికి వచ్చింది. ఏబీఎస్ సెన్సార్ వైర్లు గీకి, మెలిపెట్టి, టేపు చుట్టి వదిలేశారు. నీళ్లు దిగి రాగి పచ్చబడింది. ఏబీఎస్ లైటు వెలిగింది, ఏబీఎస్ పనిచేయడం మానేసింది. గుంటూరు నుంచి వస్తూ వారధి ముందు బ్రేక్ తొక్కితే చక్రాలు పట్టేసి, బండి జారుకుంటూ వెళ్లి ముందున్న లారీకి జానెడు దూరంలో ఆగింది. నడిపిన కుర్రాడి పక్క సీట్లో వాళ్ల చెల్లెలు ఉంది. పాత రకం సెన్సార్లు చక్రం తిరిగే కొద్దీ చిన్న ఏసీ వోల్టేజీ పుట్టిస్తాయి. దాని మీద ఇంకో లోడు తగిలిస్తే సిగ్నల్ బలహీనపడుతుంది. కొత్త రకం సెన్సార్లు కరెంటు 7, 14 మిల్లీ ఆంపియర్ల మధ్య మారడం ద్వారా మాట్లాడతాయి, వాటితో ఇంకా సున్నితంగా ఉండాలి. ఉన్న ఏబీఎస్‌ను పోగొట్టి లేని ట్రాక్షన్ కంట్రోల్ తెచ్చుకోవడం నేను ఏ ఇంటి పిల్లవాడికీ ఒప్పుకోను.

ఇన్సూరెన్స్ గురించి మీరు అడగలేదు, అయినా చెప్తాను. రీమ్యాప్ సంగతి మీ పాలసీ కంపెనీకి తెలుసా? మార్పులు చెప్పకుండా దాస్తే క్లెయిమ్ దగ్గర గొడవ వస్తుంది. తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్‌కు తేడా వచ్చేలా బండిని మార్చడం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కిందికి వస్తుంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. రాతపూర్వకంగా తెలియజేసి జవాబు తీసుకోండి.

టైర్లు, మౌంటింగ్, మ్యాప్ అయ్యాక ఇంకా కావాలనిపిస్తే డిఫరెన్షియల్ లోపల బిగించే లిమిటెడ్ స్లిప్ గురించి ఆలోచించండి. మామూలు డిఫరెన్షియల్ రెండు చక్రాలకూ సమానంగానే టార్క్ ఇస్తుంది కాబట్టి, ఒకటి జారితే రెండోది కూడా ఆ కొద్దిపాటితోనే సరిపెట్టుకోవాలి. క్వైఫ్ లాంటి కంపెనీల గేర్ రకం లిమిటెడ్ స్లిప్ ఆ బలహీనతను చాలావరకు సరిచేస్తుంది, వైర్లు ఉండవు, సెన్సార్లు ఉండవు. గేర్‌బాక్స్ దించాలి, ఖర్చుంది, తొందర లేదు. వీటిలో ఏ పని చేయించినా, ఖాళీగా ఉంది కదా అని అమరావతి సీడ్ యాక్సెస్ రోడ్డు మీద పరీక్షించకండి. అక్కడ గేదెలు అడ్డం వస్తాయి, పొలం నుంచి ఇంటికి పోయే మనుషులు ఉంటారు.

ఇంట్లో ముందు చెప్పండి. టైర్లకని అడిగితే ఎవరూ కాదనరు.

ప్రశ్న: సార్, మేం ముగ్గురు స్నేహితులం కలిసి ఒక పాత రియర్ వీల్ డ్రైవ్ కారుకు టర్బో ఇంజిన్ పెట్టాం. సుమారు 300 హార్స్‌పవర్. రోడ్డు మీదకు తీయం, చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌కు లారీ మీద తీసుకెళ్తాం. స్టాండలోన్ ఈసీయూ (కంపెనీ దాని బదులు విడిగా కొని బిగించే ఇంజిన్ కంప్యూటర్) ఉంది. అందులో ట్రాక్షన్ కంట్రోల్ వాడుకోవాలంటే ఇంకా ఖర్చు పెట్టాలి. మాలో ఒకడు దానివల్ల డ్రైవింగ్ రాకుండా పోతుందంటున్నాడు.
(ముగ్గురు మిత్రులు, గుంటూరు)

జవాబు: మీరు పెట్టించండి. పై తమ్ముడికి వద్దన్న నేనే మీకు పెట్టించమంటున్నాను, ఎందుకంటే మీ బండి పని వేరు. 300 హార్స్‌పవర్ వెనక చక్రాల మీద ఉంది, మలుపులోంచి బయటికి వచ్చేటప్పుడు కాలు కాస్త ఎక్కువైతే బండి గిర్రున తిరుగుతుంది. స్టాండలోన్ ఈసీయూకు ఇంజిన్ మీద పూర్తి అధికారం ముందే ఉంది, కొత్తగా తెలియాల్సింది చక్రాల వేగం ఒక్కటే. నాలుగు చక్రాలకూ సెన్సార్లు పెట్టండి, సెన్సార్లు లేకుండా ఇంజిన్ ఆర్‌పీఎం పెరిగే తీరుతోనే జారుడును అంచనా వేసే చవక దారి వద్దు. డ్రాగ్ రేసుల్లో నేరుగా పోయే బండ్లకు ఆ పద్ధతి పనిచేస్తుంది. మీకు మలుపులున్నాయి. మలుపులో లోపలి చక్రం, బయటి చక్రం వేర్వేరు వేగాలతో తిరుగుతాయి, ఆ తేడాను జారుడుగా పొరబడకుండా ఉండాలంటే నాలుగూ కావాలి. సెన్సార్ చదివే రింగు మీద పళ్ల లెక్క, టైరు చుట్టుకొలత సరిగ్గా ఎక్కించండి. టైరు సైజు మార్చిన ప్రతిసారీ అది మళ్లీ చూడాలి.

పవర్ తగ్గించడానికి ఇగ్నిషన్ టైమింగ్ వెనక్కి లాగే పద్ధతి మెత్తగా ఉంటుంది, కానీ అదేపనిగా లాగితే ఎగ్జాస్ట్ వేడి పెరిగి టర్బో మీద పడుతుంది. కొంచెం జారుడుకు టైమింగ్, ఎక్కువ జారితే ఇంధనం కట్, ఇలా రెండూ కలిపి పెట్టించండి. మొదట్లో జారుడు హద్దు ఎక్కువగా ఉంచి, ఒక్కో సెషన్‌కూ లాగ్ (ఈసీయూలో నమోదైన రికార్డు) తీసి, మలుపు బయట వేగం ఎక్కడ బాగుందో చూసుకుంటూ తగ్గించండి. డాష్‌బోర్డు మీద తిప్పే నాబ్ ఒకటి పెట్టించండి, వాన పడితే వెంటనే మార్చుకోవచ్చు.

మీ మిత్రుడి భయం తీసిపారేసేది కాదు. ఫార్ములా వన్‌లో 1994 సీజన్ నుంచి ఇలాంటి సాయాలు నిషేధించారు. దొంగచాటుగా వాడుతున్నారన్న అనుమానాలు ఆగలేదు, పట్టుకోవడం కష్టమై 2001లో మళ్లీ అనుమతించారు. 2008లో అందరికీ ఒకే ఈసీయూ ఇచ్చి మళ్లీ తీసేశారు. డ్రైవర్ కాలికే ఆ పని వదలాలన్నది వాళ్ల పట్టుదల. మీరు నేర్చుకునే దశలో ఉన్నారు. పొడి ట్రాక్ మీద, బాగా తెలిసిన మలుపుల్లో నాబ్ తగ్గించి కాలితో నేర్చుకోండి. తడిలోనూ, అలసిపోయిన సాయంత్రం సెషన్లలోనూ పెంచుకోండి. లాగ్ చూస్తే బాక్సు ఎన్నిసార్లు అడ్డుపడిందో కనపడుతుంది, ఆ సంఖ్య తగ్గుతోందంటే మీ కాలు నేర్చుకుంటున్నట్టే.

ప్రశ్న: అయ్యా, మా అబ్బాయికి ఈ మధ్యే ఉద్యోగం వచ్చింది. స్పీడు కారు కావాలంటాడు. రెండు పాత కార్లు చూశాడు. ఒకటి బాగా పరుగెత్తుతుందట, ట్రాక్షన్ కంట్రోల్ తర్వాత పెట్టించుకుంటాడట. రెండో దానికి కంపెనీ నుంచే ఈఎస్‌సీ ఉంది, కానీ లక్షన్నర ఎక్కువ. నాకు బండ్ల గురించి తెలియదు. ఏది కొనమనాలి?
(ఒక తల్లి, బ్రాడీపేట, గుంటూరు)

జవాబు: రెండోదే కొనమనండమ్మా. ఆ లక్షన్నర దండగ కాదు. తర్వాత పెట్టించే ట్రాక్షన్ కంట్రోల్ బండిని ముందుకు లాగేటప్పుడే పనిచేస్తుంది. ఈఎస్‌సీ, అంటే ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్, చేసేది అంతకంటే పెద్ద పని. అబ్బాయి స్టీరింగ్ ఎటు తిప్పాడో, బండి నిజంగా ఎటు పోతోందో ప్రతి క్షణం పోల్చి చూస్తుంది. తేడా వస్తే ఒక్కో చక్రానికి విడిగా బ్రేక్ వేసి బండిని దారిలోకి తెస్తుంది. బాష్, మెర్సిడెస్ కలిసి 1995లో దీన్ని కార్లలోకి తెచ్చాయి. 1997లో మెర్సిడెస్ చిన్న కారు ఏ-క్లాస్ స్వీడన్‌లో ఒక పరీక్షలో, అడ్డం వచ్చిన జంతువును తప్పించినట్టు పక్కకు తిప్పితే బోల్తా పడింది. అప్పుడా కంపెనీ ఆ కార్లన్నిటికీ దీన్ని తప్పనిసరిగా బిగించింది. కంపెనీలో బండితో పాటు పుట్టాల్సిన వస్తువమ్మా ఇది, తర్వాత బజార్లో కొని పెట్టించుకునేది కాదు.

కొనేటప్పుడు మీరే ఒక పరీక్ష చేయొచ్చు. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం ఆన్ చేయమనండి. మీటర్లలో కారు బొమ్మ, దాని కింద వంకర గీతలున్న పసుపు లైటు వెలగాలి, స్టార్ట్ చేశాక ఆరిపోవాలి. ఆరకపోతే ఈఎస్‌సీలో లోపం ఉంది. అసలు వెలగకపోతే లోపం కనపడకుండా లైటు పీకేసి ఉండొచ్చు, అప్పుడు స్కానర్ పెట్టి చూపించకుండా డబ్బు ఇవ్వొద్దు.

ప్రశ్న: మా కారుకు కంపెనీ ట్రాక్షన్ కంట్రోల్ ఉంది. వెనక టైర్లు రెండూ కొంచెం పెద్ద సైజు వేయించాను. అప్పటి నుంచి హైవే మీద ఆ లైటు వెలిగి ఆరుతోంది. సెన్సార్ మార్చాలంటున్నారు.
(ఒక పాఠకుడు, మంగళగిరి)

జవాబు: సెన్సార్ జోలికి పోకముందు టైర్ల సంగతి చూడండి. పెద్ద టైరు అదే దూరానికి తక్కువ సార్లు తిరుగుతుంది. వెనక చక్రాలు నెమ్మదిగా, ముందు చక్రాలు వేగంగా తిరుగుతున్నట్టు కంప్యూటర్‌కు కనపడుతుంది, బండిని లాగేవి ముందు చక్రాలే అయితే అవి జారుతున్నాయనుకుంటుంది. ఉదాహరణకు 195/55 ఆర్16 టైరు ఎత్తు సుమారు 621 మిల్లీమీటర్లు, 205/55 ఆర్16 అయితే 632. ముందొకటి వెనకొకటి వేస్తే దాదాపు రెండు శాతం తేడా. కొన్ని బండ్లు అంత వరకు సర్దుకుంటాయి, కొన్ని సర్దుకోవు. నాలుగూ కంపెనీ చెప్పిన సైజుకు మార్చి, గాలి సమానంగా కొట్టించి, కాజ టోల్ దాకా ఒకసారి వెళ్లి రండి. లైటు మళ్లీ వెలిగితే అప్పుడు స్కానర్ పెట్టించి ఏ చక్రం సిగ్నల్ తేడాగా ఉందో చూసి, ఆ ఒక్కదాన్నే మార్పించండి.